ఇద్దరు వెళ్లిపోయాక ఇండియన్ ఓషన్

"ఏరా, పాడినోడు లేడు, గిటారు పట్టినోడు లేడు. ఇంకేటి చూడ్డానికెళ్తన్నావు?" ఇండియన్ ఓషన్ అనే ఢిల్లీ సంగీత బృందం మన విశాఖ వస్తోందనీ, నేను టికెట్టు కొన్నాననీ ఫోనులో చెప్పినప్పుడు నా పాత మిత్రుడొకడు అన్న మాట ఇది. ఆ బృందమంటే గిట్టనివాడు అన్న మాటైతే పట్టించుకునేవాణ్ని కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజుల్లో ఆ పాటలను నాకంటే ముందు విని, నాకంటే ఎక్కువగా విని, ఆ పిచ్చిని నాకు అంటించినవాడు వాడే. అంతగా ఇష్టపడ్డవాడే వెళ్లకూడదని తీర్మానించుకున్న కచేరీకి నేను వెళ్లాను, చివరిదాకా ఉన్నాను. వాడి ప్రశ్న న్యాయమైనదేననీ, దానికి వాడు ఇచ్చుకున్న జవాబు మాత్రం నిలబడేది కాదనీ నాకు అనిపించింది. ఎందుకు నిలబడదో ఫోనులో చెబితే తెగే విషయం కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

తెలియనివారి కోసం కొంత చరిత్ర చెప్పాలి. సుస్మిత్ సేన్ గిటారు, అసీమ్ చక్రవర్తి తబలా, గాత్రం ఆధారంగా 1990లో ఢిల్లీలో ఈ బృందం ఏర్పడింది. 1991లో బేస్ గిటారు వాయించే రాహుల్ రామ్, 1994లో డ్రమ్స్ వాయించే అమిత్ కిలమ్ వచ్చి చేరారు. ఈ నలుగురూ కలిసి ఉన్న కాలమే శ్రోతల మనసులో 'అసలు' ఇండియన్ ఓషన్‌గా స్థిరపడిపోయింది. 2000లో వచ్చిన 'కందీసా', 2003లో వచ్చిన 'ఝీనీ', 'బ్లాక్ ఫ్రైడే' చిత్రానికి చేసిన సంగీతం, అన్నీ ఆ కాలానివే. 2009 డిసెంబరు 25న అసీమ్ గుండెపోటుతో మరణించారు. 2013లో సుస్మిత్ బృందం నుంచి తప్పుకున్నారు. అసీమ్ ఉన్న చోటికి గాత్రానికి హిమాంశు జోషీ, తబలాకు తుహీన్ చక్రవర్తి వచ్చారు. సుస్మిత్ చోట నిఖిల్ రావు గిటారు పట్టారు. అంటే నేను చూసిన ఐదుగురిలో మా క్యాసెట్టులో వినిపించినవారు ఇద్దరే. నా మిత్రుడి లెక్కలో తప్పేమీ లేదు.

ఆ క్యాసెట్టు గురించి ఒక్కమాట. హాస్టల్లో మా పక్కగది కుర్రాడి అన్నయ్య ఢిల్లీలో చదివేవాడు. సెలవులకు వస్తూ 'కందీసా' తెచ్చాడు. అది చేతులు మారి, జగదాంబ దగ్గర కొన్న ఖాళీ క్యాసెట్లలోకి ఎక్కి, ఒక్కో నకలుకూ కాస్త కాస్త అరుగుతూ మా దాకా వచ్చింది. లోపలి కాగితం మీద పాటల పేర్లు ఎవరో నీలిరంగు బాల్‌పెన్నుతో తెలుగులో రాశారు. 'మా రేవా' అన్నది 'మారేవా?' అని ప్రశ్నార్థకంతో ఉండేది. సినిమా పాట తప్ప వేరే పాట పెద్దగా ఎరగని మాకు, పల్లవి ఎక్కడో చరణం ఎక్కడో తెలియని ఆ ఏడెనిమిది నిమిషాల పాటలు మొదట అంతుపట్టలేదు. ఆ తర్వాత అవి లేకుండా పరీక్షలకు చదవడం కుదరని స్థితి వచ్చింది.

ఇన్నేళ్లూ ప్రత్యక్షంగా ఎందుకు వినలేకపోయానంటే చెప్పుకోదగ్గ కారణమేదీ లేదు. ఇటువంటి బృందాలు దక్షిణాదికి వస్తే హైదరాబాదో బెంగళూరో చూసుకుని వెనుదిరుగుతాయి. ఆ సంగతి మనకు మర్నాడు పేపర్లో తెలుస్తుంది.

కచేరీ బీచ్ రోడ్డుకు దగ్గరలోని ఒక మైదానంలో, అక్టోబరు నెల సాయంత్రం జరిగింది. ఆరున్నరకు మొదలన్నారు, ఎనిమిది దాటింది. వాద్యాలన్నీ వేదిక మీద సర్ది, సౌండ్ చెక్ ముగించి, అంతా సిద్ధమయ్యాక అతిథుల సన్మానం మొదలైంది. శాలువాలు, జ్ఞాపికలు, కుండీలో మొక్కలు, ఒక్కొక్కరి వెంట నాలుగు మాటలు. నిర్వాహకులెవరన్నది ఇక్కడ అనవసరం గానీ, ఈ ఊళ్లో కచేరీలు పెట్టే వారందరికీ ఒక విన్నపం: సన్మానాలు తప్పనిసరైతే శ్రుతి చేయకముందే కానివ్వండి. సముద్రపు గాలిలో గంటసేపు ఆరుబయట ఉన్న తబలా, శ్రుతి చేసినప్పటి తబలాగా ఉండదు. చెమ్మకు చర్మం వదులవుతుంది, శ్రుతి కిందికి దిగుతుంది.

ఆ ఆలస్యం వల్లనే నేను మరచిపోలేని దృశ్యం ఒకటి చూడగలిగాను. అతిథులు దిగి వెళ్లాక, దీపాలు ఇంకా సరిగా పడకముందే, తుహీన్ వచ్చి కూర్చుని చిన్న సుత్తి తీశారు. తబలా అంచున ఉన్న తోలు అల్లిక మీద ఒక చోట కొట్టి, వేలితో మీటి విని, కాస్త తిప్పి, మరో చోట కొట్టారు. ఎక్కువ దిగినచోట వార్ల కింద ఉన్న కర్రముక్కను సుత్తితో కిందికి జరిపారు. పక్కన నిఖిల్ రావు గిటారు మీద ఒకే స్వరాన్ని మెల్లగా మీటుతూ ఉన్నారు. సుత్తి దెబ్బ, వేలి మీటు, గిటారు స్వరం, మళ్లీ సుత్తి దెబ్బ. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. మైకులు ఆన్‌లోనే ఉండటంతో ఇదంతా మైదానమంతా వినిపించింది. జనం ఫోన్లు చూసుకుంటున్నారు. నాకు మాత్రం కచేరీ అప్పుడే మొదలైంది. ఏ క్యాసెట్టులోనూ ఈ భాగం ఉండదు; ఇంకొకరు వినకుండా తన శ్రుతి తాను చూసుకోలేని పని ఇదని అక్కడ కళ్లారా కనిపించింది.

ఇక నా వాదనలోని అసలు విషయానికి వస్తాను. అసీమ్ స్థానంలోకి ఒకరు రాలేదు, ఇద్దరు వచ్చారు. ఈ చిన్న వాస్తవాన్ని నా మిత్రుడిలాంటివారు లోటుకు సాక్ష్యంగా చూపిస్తారు: ఒక్కడు చేసిన పనికి ఇద్దరు కావలసి వచ్చారంటే ఆ ఒక్కడు ఎంతటివాడో చూడు, అని. ఎంతటివాడన్న సంగతిలో నాకు అభ్యంతరం లేదు. అసీమ్ వేదిక మీద మఠం వేసుకుని కూర్చుని, తబలా వాయిస్తూనే పాడేవారు. వీడియోలు చూసినవారికి తెలుసు, ఆ గొంతు, ఆ చేతులు ఒకే ఊపిరి మీద నడిచేవి. చేతికి విరామం వచ్చినచోట ఊపిరి తీసుకునేవారు; గొంతు బరువెక్కినచోట ఎడమచేతి డగ్గా కూడా బరువెక్కేది. ఆ పాటల నడకలో సగం ఆ శరీరం నుంచే పుట్టింది.

అటువంటప్పుడు తర్వాత వచ్చినవారికి రెండు దారులు ఉంటాయి. ఆ ఊపిరిని అచ్చు గుద్దినట్టు అనుకరించడం మొదటిది. ఇద్దరు మనుషులు ఒక మనిషిలా నటించడమన్నమాట. ఎంత బాగా చేసినా చివరికి అది నకలే అవుతుంది. రెండోది, ఇద్దరున్నారన్న సంగతిని దాచకుండా దానితోనే పాటను నడపడం. ఆ సాయంత్రం నేను చూసింది ఈ రెండోదే. పాడే హిమాంశు చేతులు ఖాళీగా ఉన్నాయి. అందువల్ల ఆయన ఒక పంక్తిని ఆలస్యంగా అందుకోగలరు, ఒక మాటను సాగదీసి వదలగలరు. ఎప్పుడు అందుకుంటారో తబలా దగ్గర ఉన్నాయనకు ముందుగా తెలియదు. కాబట్టి తుహీన్ తల దాదాపు పాటంతా గాయకుడి వైపే తిరిగి ఉంది. గొంతు ఆలస్యమైనప్పుడు ఆయన చేయి ఒక దెబ్బను మింగి, తర్వాతి దెబ్బను పట్టుకునేది. అసీమ్ కాలంలో ఒక మనిషి లోపల జరిగిన పని ఇప్పుడు ఇద్దరు మనుషుల మధ్య బయటపడి జరుగుతోంది. పాట కాస్త వదులైన మాట నిజమే. కానీ ఆ వదులులోకి గాలి వచ్చింది. కొన్నిచోట్ల ఆ గాలి నాకు నచ్చింది, కొన్నిచోట్ల నచ్చలేదు. అయితే అది నకలు మాత్రం కాదు.

గిటారు విషయంలో నా మిత్రుడికి ఇంకొంచెం ఎక్కువ ఒప్పుకుంటాను. సుస్మిత్ గిటారు మీటితే అందులో సరోద్ వినిపించేది. హిందుస్తానీ రాగాలాపనకు అలవాటుపడ్డ వేళ్లు అవి. ఒక స్వరం మీద నిలబడి, దానినే నాలుగైదు విధాల తాకి చూసి గానీ కదిలేవి కావు. నిఖిల్ రావు వేరే రకం వాద్యకారుడు. ఆయన నాదం సూటిగా, పదునుగా, రాక్ సంగీతానికి దగ్గరగా ఉంటుంది. వేగమైన పాటల్లో ఆ పదును బృందానికి కొత్త బలమిచ్చింది. నెమ్మదైన పాటల ఎత్తుగడల్లో మాత్రం నాకు పాత గిటారు గుర్తుకొచ్చి మనసు అటు లాగింది. దీన్ని దాచడం ఎందుకు? ఎవరు వెళ్లిపోయినా ఏమీ పోదని నేను అనడం లేదు. పోయింది పోయినట్టే ఉండగా, ఇంకా మిగిలి ఉన్నదాన్ని ఏ పేరుతో పిలవాలన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు ఆ బృందం పాటల్లోనే సమాధానం ఉందని నా అభిప్రాయం. ఆ రాత్రి మైదానమంతా లేచి నిలబడ్డ పాటలు రెండు. ఒకటి 'కందీసా'. అది కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రార్థనాగీతం, అరామిక్ అనే ప్రాచీన భాషా సంప్రదాయానికి చెందినది. రెండోది 'మా రేవా', నర్మదా లోయలోని ప్రజల పాట. పర్యావరణ విషవిజ్ఞానంలో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందిన రాహుల్ రామ్, తిరిగి వచ్చాక, నర్మద మీద భారీ ఆనకట్టలకు వ్యతిరేకంగా సాగిన నర్మదా బచావో ఆందోళనలో పనిచేశారు. ఆ పాట అలా బృందానికి చేరింది. ఈ రెండూ వాళ్లు కట్టుకున్న పాటలు కావు, ఎవరి నోటో విని ఎత్తుకున్నవి. చర్చిలో పాడినవారు, నది ఒడ్డున పాడినవారు, అంతకుముందు పాడినవారు ఎందరో వెళ్లిపోయినా పాట మిగిలింది. మిగిలింది కాబట్టే 1990ల్లో ఢిల్లీలోని నలుగురు దాన్ని అందుకోగలిగారు. తరతరాలుగా మనుషులు మారుతూ వచ్చిన పాటను అసీమ్ పాడితే అది సహజమని మెచ్చుకుని, అసీమ్ తర్వాత మరొకరు పాడితే అది అసలుది కాదని అనడంలో ఉన్న తర్కమేమిటో నాకు ఎంత ఆలోచించినా బోధపడలేదు.

'రికార్డులో ఉన్నదే అసలు' అనేవారికి ఇంకో సంగతి గుర్తుచేయాలి. ఈ బృందానికి పేరు తెచ్చిన తొలి రికార్డుల్లో ఒకటైన 'డెజర్ట్ రెయిన్' స్టూడియోలో చేసినది కాదు. ఢిల్లీలో వీధినాటక కళాకారుడు సఫ్దర్ హష్మీ స్మృతిలో ఏర్పడిన సహమత్ సంస్థ జరిపిన బహిరంగ కచేరీలో వాయించినదాన్నే 1997లో విడుదల చేశారు. అంటే మనం ప్రమాణంగా పెట్టుకున్నది కూడా ఒకానొక సాయంత్రం ఒకానొక వేదిక మీద ఆ పాటలకు వచ్చిన ఒక రూపమే. మర్నాడు అవే పాటలను వాళ్లే వేరేగా వాయించి ఉంటారు. రీలు తిరుగుతున్న రాత్రికి దక్కిన గౌరవం మిగతా రాత్రులకు ఎందుకు దక్కకూడదు?

అయితే ఈ వాదనను అవతలి కొసదాకా లాగితే ప్రమాదం ఉందని నాకూ తెలుసు. పేరు అమ్ముడుపోతున్నంతకాలం ఎవరో ఒకరు ఆ పేరుతో వేదికనెక్కుతూనే ఉంటారు. మన పెళ్లిళ్లకూ, జాతర్లకూ, వినాయక పందిళ్లకూ పాడే ఆర్కెస్ట్రాలున్నాయి; నాకు వాళ్లంటే చిన్నచూపు లేదు, మా వీధి పందిట్లో అర్ధరాత్రి దాకా వాళ్ల పాటలు విని పెరిగినవాణ్ని. ఆర్కెస్ట్రా పని రికార్డులో ఉన్నది ఉన్నట్టు దించడం. ఎంత దగ్గరగా దించితే అంత గొప్ప. ఒక బృందం తన పాత పాటలకు తానే ఆర్కెస్ట్రాగా మారిపోతే, దానిలో మొదటి రోజు నుంచీ ఉన్న నలుగురూ అలాగే ఉన్నా నేను టికెట్టు కొనను. ప్రపంచంలో అటువంటి బృందాలు బోలెడున్నాయి, సభ్యులంతా క్షేమం, సంగీతం మాత్రం ఎప్పుడో పోయింది. కాబట్టి వేదిక మీద ఉన్నవారి హాజరు పట్టీ చూసి తీర్పు చెప్పడం కుదరదు. పాత పాట ఇప్పటికీ మారుతోందా, కొత్త పాట పుడుతోందా అన్నవే చూడాలి. సుస్మిత్ వెళ్లాక ఈ బృందం 2014లో 'తందానూ' అనే ఆల్బమ్ చేసింది; శుభా ముద్గల్, శంకర్ మహదేవన్, విశ్వమోహన్ భట్ వంటివారు ఒక్కో పాటలో వచ్చి కలిశారు. ఆ తర్వాత 2023లో 'తూ హై' వచ్చింది. వీటిలో కొన్ని పాటలు నాకు అంతగా ఎక్కలేదు. ఎక్కకపోవడం వేరు, పుట్టకపోవడం వేరు.

మనవారికి ఇదేమీ కొత్త విషయం కాకూడదు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు మొదలుపెట్టిన సురభి నాటకసమాజం ఇప్పటికీ ఆడుతోంది. ఆ కుటుంబాల్లో తాత కట్టిన వేషం తండ్రి, తండ్రి కట్టినది కొడుకు కట్టారు. మొదటి తరం నటులెవరూ లేరు కాబట్టి అది సురభి కాదని అన్నవారిని నేనింతవరకు చూడలేదు. ఇంకా దగ్గరికి వస్తే మన ఉత్తరాంధ్ర తప్పెటగుళ్లు ఉన్నాయి. గుండెకు రేకు తప్పెట కట్టుకుని, కాళ్లకు గజ్జెలతో గంటల తరబడి ఆడి పాడే ఆ బృందాన్ని మనం ఎప్పుడూ ఊరి పేరుతోనే పిలుస్తాం: ఫలానా ఊరి గుళ్లు వచ్చాయంటాం. ముందు నిలబడి పాట ఎత్తుకునే మనిషి ఏ ఏటికి ఆ ఏడు మారినా పిలుపు మారదు. మా అమ్మమ్మగారి ఊళ్లో వెనక వరసలో ఆడిన కుర్రాడు కొన్నేళ్లకు ముందు వరసకు వచ్చి పాట అందుకోవడం నేను చూశాను. వాడి గొంతు పాత పెద్దాయన గొంతులా లేదని జనం చెప్పుకున్నారు, చెప్పుకుంటూనే తెల్లవార్లూ కూర్చున్నారు. మరి ఢిల్లీ నుంచి వచ్చిన బృందం దగ్గరికి వచ్చేసరికి మనకు సినిమా తారల మీద ఉండే అభిమానం అడ్డొస్తుంది. హీరో మారితే సినిమా మారినట్టే కదా అనుకుంటాం.

దీనికి నా మిత్రుడు అనబోయే మాట నాకు తెలుసు. సురభికి నాటకం రాసి ఉంటుంది, గుళ్లకు పాట తరాల నుంచి ఉంది, ఈ నలుగురివి సొంతంగా పుట్టించుకున్న పాటలు కదా అంటాడు. నిజమే, ఇది గట్టి అభ్యంతరం. త్యాగరాజ కీర్తనను ఎవరు పాడినా కీర్తన వేరు, పాడేవారు వేరు. ఇటువంటి బృందంలో అల్లినవారు, వాయించేవారు ఒకరే కావడంతో పాటనూ మనిషినీ విడదీయడం కష్టం. ఢిల్లీ కరోల్‌బాగ్‌లోని ఒక పాత ఇంట్లో గంటల తరబడి కలిసి వాయిస్తూ వాయిస్తూ వాళ్లు ఆ పాటలను తయారుచేసుకున్నారు. '16/330 ఖజూర్ రోడ్' అన్న ఆ ఇంటి చిరునామానే 2010 నాటి ఆల్బమ్‌కు పేరుగా పెట్టారు. అసీమ్ పోయాక విడుదలైన ఆ ఆల్బమ్‌లో ఉన్నది అసీమ్ గొంతే. కాబట్టి ఆ పాటలను కొత్తవారికి అందించగలిగేది పుస్తకం కాదు, ఆ సాధనలో కూర్చున్న మనుషులే. ఆ మనుషుల్లో ఇద్దరు, రాహుల్ రామ్, అమిత్ కిలమ్, ఇంకా వాయిస్తున్నారు. అమిత్ డ్రమ్స్ వెనక నుంచి చిన్న తల ఊపుతో మలుపులు చూపిస్తుంటే మిగతావారు ఆ మలుపు తిరగడం నేను చాలాసార్లు గమనించాను. అదే అక్కడి పాఠశాల.

పైగా 'అసలు నలుగురు' అన్న మాటే నిలబడదు. 1990లో మొదలుపెట్టినవారు సుస్మిత్, అసీమ్. తొలినాళ్లలో బేస్ గిటారు రాహుల్ రామ్‌ది కాదు, డ్రమ్స్ అమిత్‌వి కావు. 1993లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో కూడా డ్రమ్స్ వాయించినది అమిత్ కాదు. అంటే మా హాస్టలు గదిలో మేము దేవుళ్లలా కొలిచిన నలుగురిలో ఇద్దరు అప్పటికే వేరొకరి చోట వచ్చి కూర్చున్నవారే! ఆ సంగతి మాకు తెలియదు కాబట్టి మాకు బాధ లేదు. ముందు వినిపించినదే అసలుదిగా మనం లెక్క కట్టుకుంటాం. ఆ లెక్కలో బృందం ప్రమేయం ఏమీ లేదు, మన వయసు ప్రమేయమే ఉంది.

ఆ రాత్రి నా ముందు వరసలో ఇంజినీరింగు కాలేజీ పిల్లలు నలుగురైదుగురు నిలబడ్డారు. ఇటు పక్కన హిందీలో మాట్లాడుకుంటున్న నేవీ కుటుంబాలు, వెనక స్టీల్‌ప్లాంట్ టౌన్‌షిప్ నుంచి వచ్చిన బెంగాలీ దంపతులు. దేశం నలుమూలల నుంచి వచ్చి స్థిరపడ్డవారున్న ఊరు కావడం వల్లనే ఇటువంటి కచేరీకి మైదానం నిండిందని అనుకుంటాను. 'బ్లాక్ ఫ్రైడే'లోని 'బందే' పాట ఎత్తుకోగానే ఆ పిల్లలు మాట మాటా తప్పకుండా పాడారు. 2009లో వాళ్లు బహుశా బడి మొహం కూడా చూసి ఉండరు. అసీమ్‌ను పోల్చి చూసుకోవడానికి వాళ్ల దగ్గర పాత కచేరీ లేదు, బాధపడటానికి పాత క్యాసెట్టూ లేదు. వాళ్లకు ఇదే ఇండియన్ ఓషన్. వాళ్లు విన్నది తక్కువ రకం సంగీతమని చెప్పే హక్కు, ప్రత్యక్షంగా ఆ పాత నలుగురినీ ఒక్కసారీ వినని నాకూ లేదు, నా మిత్రుడికీ లేదు. మేమిద్దరం కాపాడుకుంటున్నది చూడని కచేరీ తాలూకు జ్ఞాపకాన్ని.

కచేరీ అయ్యాక వాడికి ఫోన్ చేసి ఇదంతా కాస్త కాస్త చెప్పాను. అంతా విని, "సరే గురూ, రేపు ఆ మిగిలిన ఇద్దరూ కూడా మానేస్తే? అప్పుడూ వెళ్తావేటి?" అన్నాడు. ఆ ఇద్దరూ తప్పుకునే నాటికి ఇప్పటి ముగ్గురు వాళ్ల పక్కన ఎన్నో ఏళ్లు కూర్చుని ఉంటారు కాబట్టి వెళ్తాననే చెప్పాను. కాకపోతే టికెట్టు కొనే ముందు, కిందటి రెండు మూడేళ్లలో కొత్త పాట ఏదైనా కట్టారా లేదా అని కనుక్కుంటాను. కట్టకపోతే ఆ డబ్బుతో అమ్మమ్మగారి ఊరికి బస్సెక్కి తప్పెటగుళ్లు చూసి వస్తానన్నాను. దానికి మాత్రం తనూ వస్తానన్నాడు.